డెలివరీ ఎప్పుడండీ?

ఏలూరులో నేను పనిచేసిన వాచీల షాపులో గోడ నిండా గడియారాలుండేవి. ఏ రెండూ ఒకే సమయం చూపించేవి కావు. కొత్తగా వచ్చినవాళ్ళు తికమకపడి "ఇందులో ఏది కరెక్టండీ?" అని అడిగితే, మా ఓనరుగారు తన చేతికున్న పాత వాచీ ఒకసారి చూసుకుని, "ఏదీ కాదండీ, అన్నీ అమ్మకానికే" అనేవారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక బజారు మందగించేది. ఫ్యాను గాలికి కౌంటరు మీద కాగితాలు లేచి పడుతుంటే, గోడ మీది టిక్కుటిక్కులన్నీ కలిసిపోయి రేకుల మీద చినుకులు పడుతున్నట్టు వినిపించేది. నాకు కళ్ళు మూతలు పడేవి. అది నిద్ర కాదు. కళ్ళు తెరుచుకునే ఎక్కడికో వెళ్ళి వచ్చేదాన్ని. ఓనరుగారు "అమ్మాయ్, ఊళ్ళోకి దిగావా?" అని అడిగితే అప్పుడు దిగేదాన్ని.

నా కాపురం తాడేపల్లిగూడెంలో. పొద్దున్నే పాసింజరు ఎక్కితే ఉంగుటూరు పక్క చేలన్నీ కిటికీలోంచి వెనక్కి పోతూ, పుల్ల, భీమడోలు దాటాక ఏలూరు వచ్చేది. సాయంత్రం మళ్ళీ అదే దారి. ఇంట్లో నేనూ, మా ఆయనా, అత్తయ్యగారూ. ఆవిడ మిషన్ స్కూల్లో టీచరుగా చేసి రిటైరైన మనిషి. వాచీల గురించి తెలుసని కాదు ఓనరుగారు నాకా ఉద్యోగం ఇచ్చింది, ఇంగ్లీషులో ఉత్తరాలు రాయడం వచ్చని. బ్యాటరీలు, బెల్టులు, రిపేర్లు ఓనరుగారు చూసుకునేవారు. హైదరాబాదు డీలరుకి ఈమెయిళ్ళు రాయడం నా పని. ఇంటర్నెట్ కావాలంటే ఫోను తీగ పీకి కంప్యూటరుకి తగిలించాలి. అది కాసేపు కుయ్యో మొర్రో అని ఏడ్చి, దయతలిస్తే కలిసేది.

కొల్లేటిలో చేపల చెరువులు కళకళలాడుతున్న రోజులవి. ఆ గట్లన్నీ గవర్నమెంటు కొట్టేస్తుందని అప్పటికి ఎవరూ అనుకోలేదు. చెరువుల ఆసాములు మా షాపుకి బాగానే వచ్చేవారు. బంగారు రంగువీ, పెద్దవీ, దూరం నుంచి కనబడేవీ అడిగేవారు. ఆ వేసవి చివర్లో కొల్లేటికోట నుంచి వచ్చిన ఆయన మాత్రం అలాంటివి అడగలేదు. యాభై దాటిన మనిషి. గుడికి వచ్చినట్టు చెప్పులు గుమ్మం బయటే విడిచి లోపలికొచ్చి, జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన రంగుల కాగితం తీసి కౌంటరు మీద పరిచాడు. ఏ డాక్టరుగారి వరండాలోనో పత్రికలోంచి చింపుకొచ్చిన కాగితం. అందులో ఒక వాచీ. డయలు కింది భాగంలో అర్ధచంద్రాకారంగా చిన్న కిటికీ, ఆ కిటికీలో నీలం ఆకాశం, అందులో చందమామ.

"ఏవండీ, ఈ చందమామ నిజంగా తిరుగుతాడాండీ? బొమ్మేనా?" అన్నాడు.

"తిరుగుతాడండీ. పౌర్ణమికి నిండుగా ఉంటాడు, అమావాస్యకి కనబడడు" అన్నాను.

ఆయన ముఖం వెలిగిపోయింది. "మా నాన్నకి వాచీ ఎక్కడిదండీ! దోనె మీద రాత్రంతా కొల్లేట్లోనే తిరిగేవాడు. పైనున్నోడే ఆయనకి వాచీ. ఇప్పుడు చెరువుల మీద లైట్లు పెట్టేశాం కదండీ, తలెత్తి చూసేవాడే లేడు. నేనూ చూడటం లేదు. అందుకని చేతికి పెట్టుకుందామని."

ధర చెప్పడానికి ఓనరుగారే రెండుసార్లు గొంతు సవరించుకున్నారు గానీ, విన్నాయన మాత్రం చలించలేదు. అది పరిమితంగా చేసే రకం. మొత్తం వందే వంద చేస్తారు, ఒక్కో దాని వెనకా ఒక నంబరు చెక్కుతారు, ఒక్కో వాచీనీ మొదటి నుంచి చివరిదాకా ఒకే మనిషి కూర్చుతాడు. ఇదంతా నేను చదివి చెబుతుంటే ఆయన కథ వింటున్నట్టు విన్నాడు. తర్వాత అడిగాడు, "మరి డెలివరీ ఎప్పుడండీ?"

వారం తిరక్కుండా స్విట్జర్లాండు నుంచి హైదరాబాదుకీ, అక్కణ్ణుంచి మాకూ జవాబొచ్చింది. మీ పీసుకి నంబరు కేటాయించాం, ఉజ్జాయింపుగా డెలివరీ జనవరిలో, అని. ఆ వారమే తాడేపల్లిగూడెంలో డాక్టరమ్మ నా చీటీ మీద తేదీ వేసింది. "ఉజ్జాయింపుగానేనమ్మా, జనవరిలో డెలివరీ" అంది.

పురుడు, కాన్పు, నీళ్ళాడటం అని మనకిన్ని మాటలుండగా అందరూ డెలివరీ అనే అంటారు. షాపులోనూ అదే మాట, ఆసుపత్రిలోనూ అదే మాట. నాకు ఆ మాటంటే వణుకు. అంతకు రెండేళ్ళ ముందు ఒక బిడ్డ ఏడో నెలలో పోయింది. నేను ముచ్చటపడి ముందే ఒక పసుపుపచ్చ ఊలు టోపీ కొని పెట్టుకున్నాను. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చేసరికి అది బీరువాలో లేదు. అత్తయ్యగారు ఎవరికిచ్చేశారో నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. ఈసారి ఇంట్లోకి గుడ్డముక్క కూడా రానివ్వలేదు ఆవిడ. "మనకి రాహుకాలాలూ వర్జ్యాలూ లేవు, మనం ప్రభువుని నమ్ముకున్నవాళ్ళం. అయినా ఎందుకులే" అనేది. ఆ "అయినా ఎందుకులే"లో రాహుకాలాలూ వర్జ్యాలూ అన్నీ ఉన్నాయి. నెల ఎంతని ఎవరైనా అడిగితే మాట మార్చేసేది.

అత్తయ్యగారిని ఏమనడానికీ నాకు నోరు లేదు, నేను చేసింది అంతకన్నా వింత. మొక్కుకోలేదు, మాలో మొక్కులుండవు. ఊరికే అనుకున్నాను, అంతే. ఆ వాచీ చక్కగా వస్తే నా బిడ్డా చక్కగా వస్తుందని. పాసింజరులో కిటికీ పక్కన కూర్చుని అనుకున్నాను. ఎవరితో అనుకున్నానో కూడా తెలియదు. ఒకసారి అనుకున్నాక దాన్ని వెనక్కి తీసుకోవడం నా వల్ల కాలేదు.

అప్పటినుంచి డీలరుని విసిగించేదాన్ని. పని ఎంతవరకొచ్చిందో రాయమని నెలనెలా ఈమెయిలు పెట్టేదాన్ని. వాళ్ళూ పాపం రాసేవారు. పళ్ళచక్రాలు కోసి నునుపు చేస్తున్నారట. వెంట్రుకంత సన్నటి స్ప్రింగు పెట్టారట, అది పెట్టాకే లోపల కొట్టుకోవడం మొదలవుతుందట. ఆ కబురు చదివిన రోజు సాయంత్రం రైల్లో నాకు ఎదురుగా పెరుగు తపేలాలతో ఆడవాళ్ళు, కాళ్ళ దగ్గర కూరల గంపలు. కిటికీలో కాలవ, కాలవలో ఆకాశం. కళ్ళు తెరుచుకునే ఎక్కడో మంచు పడుతున్న ఊళ్ళోకి వెళ్ళిపోయాను. ఒక ముసలాయన కంటికి బుడ్డి అద్దం పెట్టుకుని, పట్టకారుతో ఏదో చిన్నదాన్ని ఎత్తి పెడుతున్నాడు. దగ్గరికెళ్ళి చూస్తే అది గోరు. బిడ్డ చిటికెనవేలి గోరు. ఆయన ఊపిరి బిగబట్టి పెట్టాడు. నేనూ ఊపిరి బిగబట్టాను. "మీకు ఒంట్లో బాలేదా అండీ?" అని పెరుగు తపేలా ఆవిడ అడిగితే గానీ మళ్ళీ వదల్లేదు.

శ్రావణం వచ్చేసరికి ఇంకో కబురు. అక్కడ వేసవి సెలవులట, గడియారాల పని చేసే ఊళ్ళు ఊళ్ళే తాళాలు వేసుకుని వెళ్ళిపోతాయట. ఓనరుగారు నమ్మలేదు. "ఆర్డరు చేతిలో పెట్టుకుని ఊరంతా సెలవు పోతారా! మనవాళ్ళు పెళ్ళికి కూడా ఒక షట్టరు తీసే ఉంచుతారు కదమ్మా" అని సాయంత్రం దాకా ఆశ్చర్యపోతూనే ఉన్నారు. నాకు మాత్రం దిగులేసింది. సగం అయిన వాచీ చీకటి సొరుగులో ఒంటరిగా పడి ఉంటుంది కదా అని. ఆ దిగులుతోనే రైలెక్కాను. భీమడోలు దాటాక కడుపులో ఏదో చేప తోక ఆడించినట్టయింది. మొదట నమ్మలేదు. మళ్ళీ అయింది. వాళ్ళకి సెలవులు గానీ నా లోపల పని ఆగలేదు. రైలంతా వినేటట్టు అరవాలనిపించింది. అరవలేదు, అత్తయ్యగారికి కూడా రెండు రోజుల దాకా చెప్పలేదు.

ఈ గొడవేమీ తెలియని కొల్లేటికోట ఆయన వారానికోసారి ఫోను చేసేవాడు. "ఏవండమ్మా, డెలివరీ ఎప్పుడండీ?" అదే ప్రశ్న, అంతే మర్యాదగా. ఆ మాట చెవిన పడగానే నా చెయ్యి కడుపు మీదికి వెళ్ళిపోయేది.

వానలు పడుతున్న ఒక ఆదివారం చర్చి నుంచి అప్పుడే ఇంటికొచ్చాం. నేను లోపల చీర మార్చుకుంటున్నాను. హాల్లో ఫోను మోగితే అత్తయ్యగారు తీశారు. అవతల ఎవరో నాకు తెలియదు గానీ ఈవిడ మాటలు మాత్రం గోడకవతలి నుంచి స్పష్టంగా వినబడ్డాయి.

"డెలివరీనా? ఎవరండీ మాట్లాడేది? కొల్లేటికోటా? అమ్మాయి పుట్టింటివైపు వాళ్ళా అండీ? … అలాగండీ, సంతోషమండీ. కానీ డేటు చెప్పుకోవడం లేదండీ మేము. ఏమనుకోకండి. మొదటిది ఏడో నెలలో పోయింది కదండీ, అప్పట్నుంచీ అమ్మాయి బెంగపెట్టుకుపోయింది. మీరు కూడా పదే పదే అడక్కండి బాబూ. ప్రార్థన చెయ్యండి, చాలు."

నేను పరుగెత్తుకొచ్చి ఫోను అందుకున్నాను. అవతల ఎక్కడో నీటి మోటారు చప్పుడు, కాకులు.

"బాబాయిగారా అండీ?" అన్నాను. ఎప్పుడూ అలా పిలవలేదు. ఆ క్షణాన వచ్చేసింది.

"తప్పయిపోయిందమ్మా" అన్నాడాయన. "షాపు సెలవని మీ ఓనరుగారు ఈ నంబరిచ్చారు. నేను వాచీ సంగతే … ఉంటానమ్మా."

వాచీ గురించి అడిగిన పరాయి మనిషికి ఇంటి గుట్టంతా చెప్పేశానని తెలిశాక అత్తయ్యగారు ఆ పూట అన్నం సరిగా తినలేదు. "మరి డెలివరీ అంటే నేనేమనుకోవాలే?" అని నా మీదే కోప్పడింది. నాకు సిగ్గూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఆ మధ్యకాలంలో మా ఇంట్లో అంత నవ్వు రావడం అదే మొదటిసారి.

ఆ తర్వాత ఆయన నోట మళ్ళీ ఆ మాట రాలేదు. షాపుకొస్తే "మన చందమామ ఎంతవరకొచ్చాడమ్మా?" అనేవాడు. నేను చెబితే "నిదానంగా రానివ్వండి, తొందరేం లేదు" అనేవాడు. ఒకసారి థర్మాకోల్ పెట్టెలో ఐసు వేసి కొర్రమీను తెచ్చాడు. "బలమండీ, మీ అత్తగారికి ఇవ్వండి, ఆవిడకి తెలుసు ఎలా వండాలో." మా ఓనరుగారు ఉల్లిపాయ కూడా తినని మనిషి. ఆ పెట్టె షాపులో ఉన్నంతసేపూ అగరొత్తులు వెలిగిస్తూనే ఉన్నారు, ఒక్క మాట మాత్రం అనలేదు.

ఏడో నెల వచ్చింది. నేను ఎవరితోనూ మాట్లాడటం తగ్గించేశాను. రాత్రి పక్క మీద కన్నా పగలు రైల్లోనే ఎక్కువ కలలొచ్చేవి. కలలో కొల్లేరంతా ఒక పెద్ద డయలు. నీళ్ళ మీద గూడబాతులు నెమ్మదిగా గుండ్రంగా తిరుగుతుండేవి. అవి ఆగకూడదని నేను గట్టున నిలబడి చూస్తుండేదాన్ని.

ఆ నెలలోనే డీలరు దగ్గర్నుంచి ఈమెయిలొచ్చింది. వాచీ పూర్తయింది, పరీక్షకి పెట్టారు. పడుకోబెట్టి, నిలబెట్టి, తలకిందులుగా, అన్ని వాలుల్లోనూ రోజుల తరబడి నడిపి చూస్తారు. ఒక వాలులో మీ పీసు ఆగిపోయింది. మళ్ళీ మొత్తం విప్పి చెయ్యాలి, ఇంకొన్ని నెలలు పడుతుంది. అంతదాకా ఆగలేకపోతే, ఒకాయన ఆర్డరు రద్దు చేసుకున్నాడు గనక పరీక్ష పాసైన వేరే నంబరు సిద్ధంగా ఉంది, వెంటనే పంపిస్తాం. కస్టమరుని కనుక్కుని చెప్పండి.

"ఆగిపోయింది" అన్న దగ్గరే నేనాగిపోయాను. గోడ మీద అన్ని గడియారాలూ కొట్టుకుంటూనే ఉన్నాయి. నాకేమీ వినబడలేదు.

ఓనరుగారికి మాత్రం సంతోషమే. "ఇంకేం, అనుకున్నదానికన్నా ముందే వచ్చేస్తోంది! పాడైంది వాళ్ళ దగ్గరే ఉంచుకోమందాం. మంచిది తెప్పించేద్దాం" అన్నారు. ఆయన తప్పేమీ లేదు, ఏ వ్యాపారైనా అదే అంటాడు. నేను వెనక గదిలోకి వెళ్ళి మంచినీళ్ళ కుండ పక్కన స్టూలు మీద కూర్చున్నాను. అది పోతే ఇంకోటి. మొదటిసారి ఆసుపత్రిలో అందరూ నాతో అన్నదీ ఆ మాటే. వయసుంది, ఇంకోటి పుడుతుంది అని. అన్నవాళ్ళందరి మీదా ఆ రోజు మళ్ళీ కోపమొచ్చింది. ఏడుపూ వచ్చింది. కడుపు మీద చెయ్యి పెట్టుకుని లోపల కదలిక కోసం చూస్తున్నాను, అది ఆ సమయానికే నిద్రపోయింది కాబోలు, కదలదు.

ముందుగదిలో ఓనరుగారు ఫోనులో మాట్లాడుతున్నారు. "అవునండీ, ఆగిపోయిందటండీ … ఇంకోటి రెడీగా ఉందండీ, అచ్చం అలాంటిదే … ఎందుకండీ? … ఓహో, సెంటిమెంటా అండీ! … ఎన్నాళ్ళైనా పర్లేదంటారా? … సరేనండీ, మీ ఇష్టం."

ఫోను పెట్టేసి నా దగ్గరికొచ్చారు. "ఆ నంబరే కావాలంటమ్మా. సెంటిమెంటట. విప్పి సరిచేసుకోమనండి, అదే రావాలి, ఇంకోటి వద్దంటున్నాడు. కారు నంబర్ల పిచ్చి ఇప్పుడు వాచీలకీ పట్టుకుంది!" అని నవ్వారు.

అప్పుడే లోపల కాలు విసిరింది. గట్టిగా. ఆ మధ్యాహ్నం డబ్బాలో ఉన్న అన్నమంతా తినేసి, అరటిపండు కూడా తిన్నాను. డీలరుకి జవాబు రాస్తున్నప్పుడు, ఈ కస్టమరు వేచి ఉంటారు అని టైపు చేసి, ఆ ఒక్క వాక్యాన్నీ చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. ఆ నంబర్ల పిచ్చికి మనసులో వెయ్యి దండాలు పెట్టుకున్నాను.

క్రిస్మస్ నక్షత్రాలు ఇంటి ముందు కట్టేనాటికి రైలు ప్రయాణాలు మాన్పించారు. ఇంట్లో కూర్చుంటే మార్కెట్టు వైపు నుంచి ఉల్లిపాయల వాసన గాలిలో వచ్చేది. పొగమంచు దిగేది. జనవరిలోనే, ఉజ్జాయింపు అన్న తేదీకి కాస్త అటుగా, పట్టపగలు కూతురు పుట్టింది. పుట్టగానే ఏడవలేదు. డాక్టరమ్మ రెండు చరిచింది. అప్పుడు ఏడ్చింది, ఏడ్చిందంటే మామూలుగా కాదు, షాపులో అన్ని అలారాలూ ఒకేసారి మోగినట్టు. నేనూ ఏడ్చాను. అత్తయ్యగారు ప్రార్థన మొదలుపెట్టి మధ్యలో మాటలు మరిచిపోయింది.

ఆవిడే ఆసుపత్రి నుంచి షాపుకి ఫోను చేసింది. "డెలివరీ అయిందండీ!" అని ఈవిడ అంటే, "అయిందా అండీ! ఎక్కడుందండీ ఇప్పుడు, హైదరాబాదులోనా?" అని ఓనరుగారు. "హైదరాబాదులో ఎందుకుంటుందండీ, తల్లి పక్కనే ఉంది" అని ఈవిడ. ఈ మాట షాపులో చాలా కాలం చెప్పుకున్నారు.

వాచీ ఎండాకాలంలో వచ్చింది. నేను అప్పటికి మళ్ళీ పనిలో చేరాను. ఆ రోజు మాత్రం అత్తయ్యగారిని బతిమాలి, పాపని కూడా రైల్లో తీసుకొచ్చాను. కొల్లేటికోట ఆయన చెప్పులు బయట విడిచి లోపలికొచ్చాడు. ఓనరుగారు నల్లటి పెట్టె తెరిచి పట్టుకుంటే అటు చూడకుండా, అత్తయ్యగారి ఒళ్ళో ఉన్న పాప దగ్గరికెళ్ళి, నడుం వంచి, ముఖంలోకి చూస్తూ నిలబడిపోయాడు. అత్తయ్యగారు పమిట సర్దుకుని, "ఆ రోజు ఫోనులో …" అని ఏదో మొదలుపెట్టింది. "మంచిపనే చేశారమ్మా" అన్నాడాయన.

తర్వాత కౌంటరు దగ్గరికొచ్చాడు. నేను వాచీకి కీ ఇచ్చి, క్యాలెండరు చూసి చందమామని ఆనాటి తిథికి తిప్పాను. నీలం కిటికీలో సన్నటి నెలవంక వచ్చి నిలిచింది. ఆయన చెవి దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. విప్పి మళ్ళీ కూర్చిన వాచీ. చక్కగా కొట్టుకుంటోంది.

"బాబాయిగారూ, ఒక మాట అడుగుతాను" అన్నాను. "ఆ నంబరంటే మీకెందుకంత సెంటిమెంటండీ? పుట్టినరోజా? కలిసొచ్చిన నంబరా?"

ఆయన తడబడ్డాడు. ఓనరుగారి వైపు చూశాడు. నా వైపు చూడలేదు. వాచీ వెనక్కి తిప్పి, దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని, ఆ చిన్న అంకెలు కనబడక నా చేతికిచ్చేశాడు.

"కళ్ళజోడు తేలేదమ్మా. ఏ నంబరది?"

ఏ నంబరో ఆయనకి అసలు తెలియదు. ఏనాడూ అడగనే లేదు. నా కళ్ళలో నీళ్ళు నిండి నాకూ కనబడలేదు గానీ, ఆ నంబరు నాకు చూడకుండానే వచ్చు. చెప్పాను.

"మంచి నంబరే" అన్నాడాయన.